సింగ్‌నగర్‌కు వెళ్లిన దుప్పట్లు: 80జీ ఎందుకు రాలేదు

2025 జూలైలో ఒక సాయంత్రం విజయవాడ వన్‌టౌన్ నుంచి మా క్లయింట్ గుమాస్తా ప్లాస్టిక్ సంచీతో వచ్చి, అందులో ఉన్నదంతా నా టేబుల్ మీద కుమ్మరించాడు. ఒక ట్రస్టు రసీదు, ముఖ్యమంత్రి సహాయ నిధి రసీదు ప్రింటు, బిస్కెట్లవీ నీళ్ల సీసాలవీ బిల్లులు, సిగరెట్ పెట్టె అట్టల మీద పెన్సిల్‌తో రాసిన చీటీలు ఓ నలభై. "ఇదంతా ధర్మం ఖాతా అండీ. 80జీ కూడా వేసేశాను. మీరొకసారి చూసి సంతకం పెడితే అయిపోతుంది" అన్నాడు.

80జీ అంటే దానాలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే సెక్షన్. అయిపోలేదు. ఆడిటర్‌గా నాకు ఆ సంచీతో పదకొండు రోజులు పట్టింది. సరుకు రూపంలో దానం చేసే వ్యాపారులు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్ల గుమాస్తాలు చేసే తప్పులన్నీ ఈ ఒక్క ఫైల్లోనే కనిపించాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. క్లయింటును గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు కొంచెం సర్దాను. లెక్క నడిచిన తీరు మాత్రం జరిగినట్టే ఉంటుంది. కేసు 2024-25 ఆర్థిక సంవత్సరానిది, అంటే 1961 ఆదాయపు పన్ను చట్టం కిందిది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. ఈ నంబర్లు చూసి అక్కడ వెతక్కండి.

జరిగింది ఇదీ

ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల బావమరిది కలిసి నడిపే భాగస్వామ్య సంస్థ. దుప్పట్లు, తువ్వాళ్లు, లుంగీల టోకు వ్యాపారం. టర్నోవర్ 14 కోట్లు. ఆ ఏడాది గుమాస్తా తేల్చిన లాభం 62 లక్షలు.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలు విజయవాడ వాళ్లకు గుర్తుచేయాల్సిన పని లేదు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చేశాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద అటు పడవలు, ఇటు పులిహోర పొట్లాలు. సెప్టెంబర్ 2 పొద్దున్నే అన్నదమ్ముల్లో పెద్దాయన గోడౌన్ తాళాలు తీయించి, "లెక్కలు తర్వాత చూద్దాం, ముందు ఎక్కించండి" అన్నాడట. ఆరు రోజులు సంస్థ వ్యానే అటూ ఇటూ తిరిగింది. సొంత సరుకు కాక బిస్కెట్లు, నీళ్ల సీసాలు కూడా కొని పంచారు.

ఆ పొద్దున ఆయన అన్న మాటలో తప్పేమీ లేదు. నేనున్నా అదే అనేవాణ్ణేమో. కానీ మన చట్టంలో సరుకు దానానికి పన్ను మినహాయింపు వస్తుందా రాదా అన్నది సరుకు గోడౌన్ గడప దాటే లోపే తేలిపోతుంది. తర్వాత ఎంత మంచి రసీదు తెచ్చినా లాభం ఉండదు.

గుమాస్తా లెక్క

సరుకు తీసుకుని పంచిన ట్రస్టు వాళ్లు ఒకే రసీదు ఇచ్చారు. దుప్పట్లు 1,200, తువ్వాళ్లు 1,500, లుంగీలు 800, వీటి విలువ ₹8,20,000. వ్యాను సేవ ఆరు రోజులకు ₹48,000. నగదు ₹50,000. మొత్తం ₹9,18,000. అడుగున ట్రస్టు 80జీ నంబరు, రౌండు స్టాంపు. గుమాస్తా దాన్ని తీసుకుని మొత్తం ఆదాయంలో పది శాతం సీలింగ్ (లెక్కలోకి వచ్చే దానానికి గరిష్ఠ పరిమితి) వేశాడు, ₹6,20,000 తేలింది. ఇలాంటి ట్రస్టుకు ఇచ్చినదానిలో సగానికే మినహాయింపు కాబట్టి ₹3,10,000. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన లక్షకు నూటికి నూరు శాతం. కలిపి ₹4,10,000. భాగస్వామ్య సంస్థకు పన్ను సెస్సుతో కలిపి 31.2 శాతం కాబట్టి మిగిలేది ₹1,27,920.

కూడికలు తప్పు లేవు. సీలింగ్ దానం మొత్తానికి వేయాలి, సగం చేసిన తర్వాత కాదు. అది కూడా సరిగ్గానే వేశాడు (చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు). కానీ ఆ ₹4,10,000లో ఒక్క రూపాయి కూడా నిలవలేదు.

80జీకి ఐదో వివరణ అని ఒకటుంది. దానం డబ్బు రూపంలో ఇస్తేనే ఈ సెక్షన్ కింద మినహాయింపు అని అది తేటగా చెబుతుంది. షేర్లు దానం చేసిన ఒక పాత కేసులో 1990లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. దుప్పటైనా, బియ్యం బస్తా అయినా, షేర్ అయినా, ఇచ్చింది డబ్బు కాకపోతే 80జీ లేదు. కాబట్టి ₹8,20,000 మొత్తం పోయింది.

మరి ఇంత తేటగా ఉన్న సంగతిలో జనం ఎందుకు పడతారు? నా అనుభవంలో కారణం ఫారాలే. రిటర్నులో 80జీ షెడ్యూల్లో రెండు కాలమ్స్ ఉంటాయి, నగదు ఒకటి, ఇతర పద్ధతి ఒకటి. ఆ రెండోది చెక్కు, బ్యాంకు బదిలీల కోసం. సరుకు కూడా 'ఇతర పద్ధతే' కదా అని మన గుమాస్తా అందులో వేశాడు. దానికితోడు ట్రస్టులు దాతల వివరాలు పంపే 10బీడీ ఫారంలో దానం వచ్చిన తీరు దగ్గర వస్తు రూపం అనే ఆప్షన్ కూడా ఉంది. అది ఎంచుకుంటే దాతకు వచ్చే 10బీఈ సర్టిఫికెట్ మీద కూడా అలాగే పడుతుంది. డిపార్ట్‌మెంట్ పోర్టల్ నుంచి వచ్చిన సర్టిఫికెట్ చేతిలో ఉంటే మినహాయింపు ఉందనే అనుకుంటారు ఎవరైనా. అది ట్రస్టు తన రాబడి చెప్పుకునే ఫారం. మన హక్కు అందులోంచి పుట్టదు.

వ్యాను సేవ ₹48,000 సంగతి ఇంకా తేలిక. ఎవరూ ఎవరికీ ఆ డబ్బు ఇవ్వలేదు. ఆ అద్దె సంస్థ ఆదాయంలో ఎక్కడా చూపలేదు. ఆదాయంలోకే రానిదాన్ని ఆదాయంలోంచి తీసేదేముంది? ఉచిత వైద్య శిబిరం పెట్టే డాక్టర్లు కూడా ఏటా నన్ను ఇదే అడుగుతారు. "రోజుకు నా ఫీజు ఇంత, రెండు రోజులు ఉచితంగా చూశాను, ఆ మొత్తానికి మినహాయింపు రాదా?" అని. రాదండీ. మీరు తీసుకోని ఫీజు మీద పన్ను కూడా కట్టడం లేదు కదా, అక్కడికి చెల్లు.

నగదు ₹50,000కి మరో గొడవ. రెండు వేలు దాటిన దానం నగదులో ఇస్తే 80జీ రాదు. రెండు వేల వరకు వచ్చి పైది పోవడం కాదు, మొత్తం పోతుంది. ఫ్లైఓవర్ మీద నిలబడి వలంటీరు చేతిలో నోట్ల కట్ట పెట్టినప్పుడు ఇది ఎవరికి గుర్తుంటుంది!

అన్నిటికన్నా బాధ కలిగించింది సహాయ నిధికి వెళ్లిన లక్ష. ముఖ్యమంత్రి సహాయ నిధికి నూరు శాతం మినహాయింపు ఉంది, సీలింగ్ లేదు. ఆన్‌లైన్‌లోనే కట్టారు, అంతా సవ్యమే. కానీ కట్టింది పెద్దాయన సొంత ఖాతా నుంచి. రసీదు ఆయన పేరు మీద, ఆయన పాన్ మీద. ఆయన వ్యక్తిగతంగా కొత్త పన్ను విధానంలో ఉన్నారు, అందులో 80జీ లేదు. సంస్థకు ఆ కొత్త విధానమే వర్తించదు. సంస్థ ఖాతా నుంచి కట్టి ఉంటే ₹31,200 పన్ను తగ్గేది. ఆయన్ని ఒక్క ఏడాదికి పాత విధానంలోకి మార్చి చూశాం, లెక్క ఇంకా నష్టంగా తేలింది. వదిలేశాం.

చీటీలు

ఇక ఆ సిగరెట్ అట్టల దగ్గరికి వస్తాను. నిజానికి ఈ కేసులో నాకు పనికొచ్చిన కాగితాలు అవే. రసీదు మీద 1,200 దుప్పట్లు అని ఉంది. స్టాకు రిజిస్టర్లో ఆ ఆరు రోజుల్లో బయటికి వెళ్లినవి 1,040. నూట అరవై తేడా. ఒక చీటీ మీద "తడి బే. 160" అని ఉంది, పక్కన ఎవరిదో పొట్టి సంతకం. గోడౌన్ హమాలీని పిలిపించి అడిగితే చెప్పాడు: గోడౌన్ వెనక గదిలోకి కూడా నీళ్లొచ్చి కొన్ని బేళ్లు తడిశాయి, అందులో బాగున్నవి ఏరి ఉతికించి పంపారు.

ఆ తడిసిన బేళ్లకు సంస్థ అప్పటికే బీమా క్లెయిమ్ వేసింది. సర్వేయర్ వాటిని నష్టం కింద రాసి, పనికొచ్చే సరుకు విలువ తగ్గించి, మిగతాది ఇప్పించాడు. వాటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, తర్వాత కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) కూడా అప్పుడే వెనక్కి వేశారు. అంటే అవే 160 దుప్పట్లు ఒకసారి నష్టంగా, ఒకసారి దానంగా, రెండు చోట్ల కూర్చున్నాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ రేపు నోటీసు వస్తే 'కావాలని కాదు' అన్న మాటకు విలువ ఉండదు. వాటిని దానం లెక్కలోంచి తీసేశాం.

మిగతా చీటీలు పేర్చుకుంటూ పోతే ఇంకో సంగతి బయటపడింది. సరుకంతా ట్రస్టుకు వెళ్లలేదు. సంస్థలో పనిచేసే హమాలీలు, కొట్టు కుర్రాళ్లు, డ్రైవర్లు కలిపి 46 కుటుంబాలకు తలా రెండు దుప్పట్లు, రెండు తువ్వాళ్లు, రెండు లుంగీలు ఇచ్చారు. అలాగే ముంపు ప్రాంతాల్లో వీళ్ల దగ్గర సరుకు కొనే చిల్లర కొట్ల వాళ్లు 60 మందికి తలా మూడు దుప్పట్లు, నాలుగు తువ్వాళ్లు, రెండు లుంగీలు. చీటీల మీద కొట్ల పేర్లు కూడా ఉన్నాయి, ఆ పేర్లన్నీ బాకీల లెడ్జర్లో దొరికాయి. రెండు జాబితాలూ కలిపితే 272 దుప్పట్లు, 332 తువ్వాళ్లు, 212 లుంగీలు. వీటిని ట్రస్టు కంటితో కూడా చూడలేదు, కానీ తన రసీదులో 'అందినవి' అని రాసింది. మన గుమాస్తా ఉత్తరం రాసి పంపితే అంకెలు అలాగే దించారు. ట్రస్టుతో మాట్లాడి, విలువ లేకుండా, నిజంగా అందిన 928 దుప్పట్లు, 1,168 తువ్వాళ్లు, 588 లుంగీలకు మాత్రమే అందినట్టు కొత్త పత్రం తీసుకున్నాం.

విలువ గురించి కూడా ఒక మాట. ₹8,20,000 అన్నది అమ్మకం ధర మీద వేసిన అంకె. పుస్తకాల్లో సరుకు ఉండేది కొన్న ధరకు. దుప్పటి ₹210, తువ్వాలు ₹82, లుంగీ ₹165. ఆ లెక్కన 1,040 దుప్పట్లు, 1,500 తువ్వాళ్లు, 800 లుంగీలకు అయ్యేది ₹4,73,400. మన లాభం కలుపుకుని దానం విలువ చెప్పుకోవడం చుట్టాల దగ్గర చెల్లుతుంది గానీ పుస్తకాల్లో కాదు.

జీఎస్టీ

ఆదాయపు పన్ను గురించి అందరూ అడుగుతారు, జీఎస్టీ గురించి ఎవరూ అడగరు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 17(5)(హెచ్) ప్రకారం పోయిన, దొంగిలించబడిన, పాడైన సరుకుతో పాటు ఉచితంగా ఇచ్చేసిన సరుకు మీద కూడా ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. 2019 మార్చిలో వచ్చిన 92వ సర్క్యులర్ కూడా బహుమతులు, ఉచిత శాంపిళ్ల గురించి ఇదే చెబుతుంది. ఇచ్చినది పుణ్యానికా, ప్రచారానికా అన్నది దానికి పట్టదు.

బట్టల మీద కట్టిన 5 శాతం ₹23,670. బిస్కెట్లు, నీళ్ల సీసాలు ₹1,40,000కి అప్పటి 18 శాతం చొప్పున ₹25,200. గుమాస్తా ఈ రెండూ నిరుడే క్రెడిట్ తీసేసుకున్నాడు. మొత్తం ₹48,870 జూలై నెల జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బిలో 4(బి)(1) వరుసలో వెనక్కి వేయించాం. వడ్డీ 18 శాతం పడుతుందని గుమాస్తాకు టెన్షన్. కానీ తప్పుగా తీసుకున్న క్రెడిట్‌ను వాడేసుకుంటేనే వడ్డీ. క్రెడిట్ లెడ్జర్ నిల్వ ఆ ₹48,870 కంటే కిందికి దిగితేనే వాడినట్టు లెక్క. పది నెలల లెడ్జర్ దించి చూస్తే అతి తక్కువ నిల్వ లక్షా ముప్పై వేలు. వడ్డీ తప్పింది. ఈ ఫైల్లో మాకు దొరికిన ఏకైక అదృష్టం అదే.

వ్యాపార ఖర్చు అనొచ్చా?

80జీ తలుపు మూసుకున్నాక మిగిలేది ఆదాయపు పన్ను చట్టంలో వ్యాపార ఖర్చుల సెక్షన్ 37(1). పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చయితే సగం కాదు, మొత్తం తగ్గుతుంది. కాబట్టి నిలబెట్టుకోగలిగితే 80జీ కంటే ఇదే మేలు. ఇక్కడ మన ఆంధ్రా కేసే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది: శ్రీ వెంకట సత్యనారాయణ రైస్ మిల్ కాంట్రాక్టర్స్ కంపెనీ కేసు (తీర్పుల సంకలనంలో 223 ఐటీఆర్ 101). బియ్యం బయటికి పంపడానికి పర్మిట్ కావాలంటే కలెక్టర్ నడిపే జిల్లా సంక్షేమ నిధికి క్వింటాలుకు 50 పైసలు ఇవ్వాల్సి వచ్చేది. అది ఇస్తేనే వ్యాపారం నడుస్తుంది కాబట్టి వ్యాపార ఖర్చే అని కోర్టు ఒప్పుకుంది. నిధి ప్రజా సంక్షేమానికే అయినా, ఇవ్వడానికీ వ్యాపారానికీ నేరుగా ముడి ఉంది. ఆ ముడి చూపించగలగాలి.

మా కేసులో ముడి ఎక్కడుంది? పనివాళ్ల కుటుంబాలకు ఇచ్చింది సిబ్బంది సంక్షేమం, సందేహం లేదు. తలా ₹914 విలువ, ఏడాదికి ₹5,000 లోపు బహుమతి కాబట్టి వాళ్ల జీతాల్లో కలపాల్సిన పని కూడా లేదు. చిల్లర కొట్ల వాళ్లు మన ఖాతాదారులు, మనకు బాకీ ఉన్నవాళ్లు. వాళ్లు మళ్లీ కొట్టు తెరిస్తేనే మన బాకీ వసూలవుతుంది. తలా ₹1,288 కాబట్టి, వ్యాపారంలో ఇచ్చే ఇలాంటి లబ్ధి మీద ముందే పన్ను పట్టుకోమనే 194ఆర్ కింద టీడీఎస్ గోల కూడా లేదు, దాని పరిమితి ₹20,000. ఈ రెండు జాబితాల సరుకు ₹1,19,324, వెనక్కి వేసిన జీఎస్టీ ₹5,966 కలిపి ₹1,25,290 వ్యాపార ఖర్చుగా ఉంచాం. క్రెడిట్ దొరకని జీఎస్టీ సరుకు ఖరీదులో కలిసిపోతుంది, అది చాలామంది మర్చిపోతారు. దీనివల్ల నిలిచిన పన్ను ₹39,090.

ట్రస్టు ద్వారా, వీధుల్లో ఊరికే పంచిన దాని సంగతి వేరు. ఒక తోటి ఆడిటర్ మిత్రుడు "వ్యాను మీద కొట్టు బ్యానర్ కట్టారుగా, ప్రచారం కింద మొత్తం వేసెయ్" అన్నాడు. బ్యానర్ ఫొటో ఉన్న మాట నిజమే, మూడో రోజున కుర్రాళ్లెవరో కట్టారు. కానీ పుస్తకంలో ఆ ఖర్చు కూర్చున్న చోటు పేరు 'ధర్మం ఖాతా'. వాళ్ల తాతగారి కాలం నుంచి ఆ ఖాతా ఉంది. ధర్మం అని మనమే రాసుకుని, ప్రచారం అని ఆఫీసర్‌కు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మిత్రుడి వాదన పూర్తిగా కొట్టిపారేయలేను, అప్పీల్లో నెగ్గినా నెగ్గొచ్చు. ఈ సంస్థకు ఆ ఓపిక లేదని నా అంచనా.

ఇక్కడ ఒక చిక్కు గుమాస్తాకే కాదు, మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా అర్థం కావడానికి సమయం పట్టింది. ఇచ్చేసిన సరుకు ఖరీదు దేనిలోనూ ఖర్చుగా రాయలేదు కదా, మళ్లీ కలపడమేంటి అని. కొనుగోళ్లలో ఆ సరుకు ఉంది. సంవత్సరాంతపు నిల్వలో లేదు. అమ్మకాల్లో కూడా లేదు. కాబట్టి దాని ఖరీదు చడీచప్పుడు లేకుండా లాభంలోంచి తగ్గిపోయింది. గుమాస్తా దాని మీద 80జీ కూడా వేస్తే ఒకే దుప్పటికి రెండుసార్లు తగ్గించినట్టు.

ట్రస్టు, వీధి పంపకాల సరుకు జీఎస్టీతో ₹3,71,780, బిస్కెట్లు నీళ్లు ₹1,65,200, నగదు ₹50,000, వ్యాను డీజిల్ ₹9,600. మొత్తం ₹5,96,580 తిరిగి ఆదాయంలో కలిపాం. 62 లక్షల్లోంచి జీఎస్టీ ₹48,870 తగ్గి, ఇది కలిస్తే ఆదాయం ₹67,47,710.

పెద్దాయనతో

గుమాస్తా లెక్కకూ మా లెక్కకూ పన్నులో తేడా ₹2,98,806. ఆ అంకె చెప్పడానికి కొట్టుకే వెళ్లాను. ఫోన్లో చెప్పే అంకె కాదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. టీ వచ్చింది, చల్లారింది. "ఆడిటర్ గారూ, ఇచ్చినందుకు మూడు లక్షలు ఎదురు కట్టమంటారా?" అన్నాడు. ఎదురు కట్టడం కాదు అన్నగారూ, ముందే కట్టాల్సింది గుమాస్తా లెక్కలో తగ్గిపోయింది అని చెప్పాను. ఆ సమాధానం సరైనదే గానీ ఆ సమయంలో నాకే చప్పగా వినిపించింది.

బావమరిది ఊరుకోలేదు. వాళ్లబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. "అమెరికాలో సరుకు ఇచ్చినా డిడక్షన్ ఇస్తారంట" అన్నాడు. నిజమే, అక్కడ అర్హత ఉన్న సేవా సంస్థకు వ్యాపారి తన సరుకు ఇస్తే మినహాయింపుకు దారి ఉంది. మామూలుగా ఖరీదుకో బజారు ధరకో, ఏది తక్కువైతే దానికి. ఊరికే చేసిన సేవకు మాత్రం అక్కడ కూడా రాదు. మనం ఉన్నది వన్‌టౌన్‌లో.

అప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ట్రస్టు మనిషి ఒకతను సలహా ఇచ్చాడట: నిరుడు సెప్టెంబర్ తేదీతో మీరు మాకు అమ్మినట్టు బిల్లు కొట్టండి, మీరు మాకు డబ్బు దానం ఇచ్చినట్టు మేం రసీదు ఇస్తాం, రెండూ చెల్లు. నేను కుర్చీలోంచి లేచాను. బ్యాంకులో కదలని డబ్బుకు రసీదు, ఇవ్వని తేదీకి బిల్లు, దాఖలైపోయిన జీఎస్టీ రిటర్నులో లేని అమ్మకం. గుమాస్తా వేసిన క్లెయిమ్ తెలియక చేసిన పొరపాటు అనుకోవచ్చు. ఇది మోసం. ఇలాంటివి పట్టుబడితే 270ఏ కింద ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు పెనాల్టీ. "ఈ పని చేస్తే నా సంతకం ఉండదు" అన్నాను. పెద్దాయన తమ్ముడే కల్పించుకుని, "వద్దులెండి, కట్టేద్దాం" అన్నాడు.

కానీ అదే పని ముందే, నిజంగా చేసి ఉంటే తప్పు లేదు. ఆ రోజు రాత్రి ఇంటికొచ్చి ఆ లెక్క వేశాను. ట్రస్టుకు సంస్థ ఖాతా నుంచి డబ్బు దానం. ట్రస్టు తనకు కావలసిన దుప్పట్లు, బిస్కెట్లు తానే కొనుక్కోవడం, దుప్పట్లు మన దగ్గర ఖరీదు ధరకు జీఎస్టీ బిల్లుతో. రెండూ వేర్వేరు లావాదేవీలు, రెండూ బ్యాంకులో కనిపిస్తాయి. పెద్ద మొత్తం ఇచ్చిన దాత దగ్గరే ట్రస్టు సరుకు కొంటే ధర బజారు కంటే ఎక్కువ ఉండకూడదు, ఉంటే దాతకు లాభం చేసినందుకు పన్ను మినహాయింపు ఆపే సెక్షన్ 13 ట్రస్టు మెడకు చుట్టుకుంటుంది. ఖరీదు ధర కాబట్టి ఆ భయం లేదు. మన దగ్గరే కొనాలన్న షరతు కూడా దానానికి తగిలించకూడదు. అప్పుడు ₹3,71,780, ₹1,65,200, ₹50,000 కలిపి ₹5,86,980 డబ్బు దానం అవుతుంది, పది శాతం సీలింగ్ లోపే. అందులో సగానికి 31.2 శాతం చొప్పున ₹91,569. సహాయ నిధి లక్ష సంస్థ ఖాతా నుంచి వెళ్లి ఉంటే ఇంకో ₹31,200. మొత్తం ₹1,22,769.

గుమాస్తా తప్పు లెక్కలో తేలింది ₹1,27,920. తేడా అయిదు వేల చిల్లర. ఆ కాగితం మర్నాడు పెద్దాయనకు చూపిస్తే ఈసారి నవ్వాడు, కొంచెం చేదుగా.

ఈ కేసులో రాని ఒక మాట, కంపెనీల కోసం. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి తాకినా కంపెనీల చట్టం 135 కింద సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత ఖర్చు) తప్పనిసరి. ఆ ఖర్చును 37(1) రెండో వివరణ వ్యాపార ఖర్చు కాదంటుంది, దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ 2023 అక్టోబర్ 1 నుంచి 17(5)(ఎఫ్ఏ) ఆపేసింది. 115బీఏఏ కింద తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీకి 80జీ కూడా లేదు. మందులు, శానిటైజర్లు పంచే కంపెనీల ఫైళ్లు నా దగ్గర తక్కువ కాబట్టి ఇంతటితో ఆపుతాను.

సంస్థ రిటర్ను గడువులోపే వేశాం. ధర్మం ఖాతా పేరు మార్చలేదు, పెద్దాయన ఒప్పుకోలేదు. దాని కింద రెండు ఉపఖాతాలు పెట్టాం: 'సిబ్బంది, ఖాతాదారులు' ఒకటి, 'ఊరికి' ఒకటి. గోడౌన్‌లో సిగరెట్ అట్టల బదులు చలాన్ పుస్తకం ఒకటి మేకుకు వేలాడదీశాం.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటుతోంది. పదిన్నరకు ఫోన్ మోగింది. వెనక హమాలీల కేకలు, రేకుల మీద వాన చప్పుడు. "ఆడిటర్ గారూ, బండి ఇంకా ఎక్కించలేదు. బిల్లు ఎవరి పేరున కొట్టమంటారు?"